కిటికీ తుడవడానికి నలభై సెకన్లు

మిల్వాకీలో ఆ పాత జర్మన్ గాయకసంఘం హాల్లో నాటక పఠనం ఉన్న ప్రతిసారీ వేదికకు ఎడమ పక్కన, కాస్త వెనగ్గా, ఒక ఎత్తు స్టూలు వేస్తారు. నటులకు ముందు వరసలో స్టాండ్లు. వేషాలుండవు, తెరలుండవు, సామాను అసలే ఉండదు. ఒక్కొక్కరి చేతిలో ఒక నల్ల అట్ట ఫైలు. అందులో బెర్లిన్‌లోనో వియన్నాలోనో నిన్నకాక మొన్న ఆడిన నాటకం ఇంగ్లీషులో ఉంటుంది. మాటలన్నీ నటులు చదువుతారు. మాటలు కానివన్నీ, అంటే ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎవరు కత్తి తీశారు, ఎవరు తలుపు వేశారు అన్న రంగసూచనలన్నీ, ఆ స్టూలు మీది మనిషి చదువుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ మనిషి ఆర్లిస్ క్లింగ్‌బీల్.

కార్యక్రమ పత్రంలో ఆమె పేరు నటులందరికన్నా కింద, కాఫీ పంపిన దుకాణం పేరుకు ఒక్క వరస పైన ఉంటుంది. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరు? ఆర్లిస్ మోసే మనిషి. ఆ సంగతి ఆమెకు తెలుసు, దానికి బాధ లేదు. మోయడం తేలికపని అని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోదు.

ఆమె అసలు ఉద్యోగం సిటీ బస్సుల డిపోలో. ముప్పై ఒక్క ఏళ్ళు మైకు ముందు కూర్చుంది. "ముప్పయ్యో నంబరు, మూడో గేటు, ఐదు నిమిషాలు ఆలస్యం." మంచుతుపానులో బస్సు బోల్తాపడినా అదే గొంతు, వేళకి వచ్చినా అదే గొంతు. ఒక సాయంత్రం ఈ పఠనాలు మొదలుపెట్టిన పెద్దాయన బస్సు కోసం నిలబడి ఆ గొంతు విన్నాడు. బస్సు వదిలేసి డిపో కిటికీ దగ్గరకొచ్చాడు.

"మీరు నాటకాలు చదువుతారా?" అన్నాడు.

"నేను బస్సులు చదువుతాను" అంది ఆర్లిస్.

"నాక్కావలసింది అదే" అన్నాడాయన.

ఆయన పోయి ఏడేళ్ళయింది. ఆయన ఎందుకలా అన్నాడో మొదటి పఠనంలోనే జనానికి అర్థమైంది. ఈనాటి జర్మన్ నాటకకర్తలు 'ఆమె కూర్చుంటుంది' అని రాసి ఊరుకునే రకం కాదు. 'వేదిక మీద హెరింగు చేపల వాన కురుస్తుంది' అని రాస్తారు. 'ఒక గుర్రం వస్తుంది, రాకపోయినా ఫరవాలేదు' అని రాస్తారు. 'మంత్రి ఫ్రిజ్జులో దూరి తలుపు వేసుకుంటాడు, రెండో అంకం అయ్యేదాకా బయటికి రాడు' అని కూడా రాస్తారు. ఇలాంటివి నటుల చేత చదివిస్తే జనం వైపు చూసి కన్ను గీటకుండా ఉండలేరు. ఆర్లిస్ గుర్రాన్నీ ముప్పయ్యో నంబరు బస్సునీ ఒకేలా చెబుతుంది. గుర్రం వచ్చిందని ఆమె అంటే వచ్చినట్టే. జనం గుర్రానికి దారి కూడా ఇస్తారు.

ఇది ఊరికే వచ్చిన విద్య కాదు. నాటకం చేతికొచ్చిన రోజు నుంచీ ఆర్లిస్ అందులోని ప్రతి సూచననీ ఇంట్లో స్వయంగా చేసి చూస్తుంది. బంగాళాదుంపలు చెక్కు తీయమంటే తీస్తుంది. ఎంతసేపు పట్టిందో గోడ గడియారం చూసి, పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకుంటుంది. అందులో నాలుగో వంతు వేదిక మీద మౌనంగా ఇస్తుంది. ఇంట్లో నలభై సెకన్లు పట్టిన పనికి అక్కడ పది సెకన్లు ఆగుతుందన్నమాట. ఆ పది సెకన్లలో జనం ఆ పని కళ్ళారా చూస్తారు. ఈ లెక్క ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఇంటి పైభాగంలో ఉండే అక్క యూనిస్‌కు ఇదంతా పెద్ద తమాషా. ఆమెకు డెబ్భై మూడేళ్ళు, ఆర్లిస్‌కన్నా ఐదేళ్ళు పెద్ద. నోరు పదునెక్కువ.

"ఏమే, ఇవాళ ఎవరి శవం ఈడుస్తున్నావ్?" అని మెట్ల మీంచి కేకేస్తుంది.

"శవం కాదక్కా, ఫ్రిజ్జులో దూరుతున్నా."

"దూరావా?"

"మోకాలు పట్టట్లేదు."

"ఆ గుమ్మడికాయ పులుసు గిన్నె తీసి పక్కన పెట్టవే ముందు! అది ఒలికిందంటే నీ మంత్రిగారి సంగతి నేను చూస్తా."

అంత వేళాకోళం చేసే మనిషి ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా పఠనానికి రాలేదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా? పఠనాలు శని, ఆదివారాల్లో; శనివారం వస్తే స్నేహితురాళ్ళతో షీప్స్‌హెడ్ పేకాట, దాన్ని ప్రాణం పోయినా మానదు, ఆదివారానికి ఏదో ఒక వంక. "తలా తోకా లేని నాటకాల కోసం చేతిలో రాణులు పెట్టుకుని లేచి రమ్మంటావా?" అంటుంది. ఆర్లిస్ పిలవడం మానేసింది. మానేసినా, ప్రతి పఠనంలోనూ ఫైలు తెరిచే ముందు ఒకసారి కుర్చీల వైపు చూస్తుంది.

ఈ మార్చి నెలలో వచ్చిన నాటకం ఆంట్యా రోలోఫ్ అనే ఆమె రాసింది. నేలబొగ్గు కోసం ఊళ్ళకు ఊళ్ళు తవ్వేసే ప్రాంతంలో పుట్టిన మనిషి. నాటకంలోనూ అలాంటి ఊరే. మొదటి రెండు అంకాల్లో కొడుకు, ఊరిపెద్ద, కంపెనీవాడు కలిసి నోవాక్ అనే ముసలామె చేత ఇల్లు ఖాళీ చేయించడానికి నానా మాటలూ అంటారు. మూడో అంకంలో ఒక్క మాట లేదు. మర్నాడు ఇల్లు కూల్చేస్తారనగా, ఆ ముసలామె ఒంటరిగా ఇల్లంతా సర్దుకుంటుంది, అంతే. ఏడు పేజీలూ రంగసూచనలే. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక అంకం మొత్తం ఆర్లిస్‌ది.

ఆమె ఎప్పటిలాగే వంటింట్లో మొదలుపెట్టింది. దుప్పటి మడత పెట్టడానికి యాభై సెకన్లు. పొయ్యిలో బూడిద ఎత్తడానికి నిమిషం పది. 'నోవాక్ కిటికీ తుడుస్తుంది, మూలలు కూడా' అన్నచోట తడిగుడ్డ తీసుకుని అద్దం తుడిచింది. నలభై సెకన్లు. రాసుకుని, కుర్చీ లాక్కుని కూర్చుండిపోయింది.

ఆమెకు ఆరేళ్ళప్పుడు పదిహేడో వీధిలో వాళ్ళుండే ఇళ్ళ వరస మొత్తం పెద్ద రహదారి కోసం కొట్టేశారు. ఆఖరి రోజు పొద్దున వాళ్ళమ్మ ఇల్లంతా కడిగింది. మెట్లు తోమింది. కిటికీలు తుడిచింది, మూలలు కూడా. "రేపు పడగొట్టేదానికి ఎందుకమ్మా?" అని అడిగితే అమ్మ పలకలేదు. తర్వాత ఆర్లిస్‌ని పక్కింటివాళ్ళ లారీలో సామాను మీద కూర్చోబెట్టి ముందు పంపేశారు. అమ్మా యూనిస్సూ బస్సులో వచ్చారు. ఆ రోజు గురించి అక్కాచెల్లెళ్ళు అరవై రెండేళ్ళుగా ఒక్క మాట అనుకోలేదు.

నాటకంలో చివరి సూచన ఇది: 'తలుపు తాళం వేస్తుంది. తాళంచెవి పట్టుకుని నిలబడుతుంది. తీసుకోవడానికి ఎవరూ లేరు.' ఆర్లిస్ పెరటి తలుపు తాళం వేసి, తాళంచెవి పట్టుకుని నిలబడింది. ఎంతసేపు నిలబడాలో తెలియలేదు. పై కిటికీలోంచి యూనిస్ తొంగిచూసింది.

"ఏమే, తలుపు తెరుచుకోవట్లేదా?"

"లేదక్కా. నాటకంలో ముసలామె ఇల్లు ఖాళీ చేస్తోంది. తాళంచెవి తీసుకునేవాళ్ళు లేరు. ఎంతసేపు నిలబడాలో చూస్తున్నా."

యూనిస్ ఏదో ఒకటి అంటుందని ఆర్లిస్ ఎదురుచూసింది. అక్క ఏమీ అనకుండా కిటికీ మూసుకుంది. ఆ సూచన పక్కన పేజీ అంచు ఖాళీగానే ఉండిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం రిహార్సలు. పెద్దాయన తర్వాత ఇద్దరు మారి, ఇప్పుడు పఠనాలు నడిపేది బ్రిన్ కాస్టెలో. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, కిందటేడే షికాగో నుంచి వచ్చింది. చెడ్డది కాదు, తొందర ఎక్కువ. మూడో అంకం దగ్గర ఫైలు మూసింది.

"ఏడు పేజీలు మాటే లేకుండా, ఒకే గొంతుతో! మనవాళ్ళు రెండో పేజీకే వెళ్ళిపోవడానికి కోట్లు వెతుక్కుంటారు. ఇది లిడియా చదివితే బావుంటుంది. ముసలామె పాత్ర తనదేగా. కాస్త గుండె తగులుతుంది."

లిడియా వొజ్నియాక్ నలభై ఏళ్ళుగా ఊళ్ళో పేరున్న నటి. నిలబడి చదివింది. దుప్పటి దగ్గర గొంతు వణికింది. కిటికీ దగ్గర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాళంచెవి దగ్గరికి వచ్చేసరికి బావురుమంది. కొడుకు వేషం వాడు ముక్కు చీదాడు. బ్రిన్ చేతిరుమాలు తీసింది. వెనక కుర్చీలో, విమానం బడలికతో కూర్చున్న ఆంట్యా రోలోఫ్‌ని అడిగింది.

"మీకు నచ్చిందా?"

"బావుంది. చాలా బావుంది" అంది ఆంట్యా. ఉప్పెక్కువైన కూరను వడ్డించినవాళ్ళ ముందు మెచ్చుకున్నట్టు ఉంది ఆ గొంతు.

"ఆర్లిస్, మీరేమీ అనుకోకండి. మొదటి రెండంకాలూ మీవేగా" అంది బ్రిన్.

"ఎందుకనుకోను? అనుకుంటాను" అంది ఆర్లిస్.

హాల్లో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆర్లిస్ ఎప్పుడూ ఎదురు మాట్లాడి ఎరగదు. ఈ ఏడు పేజీలు చేజారితే వాళ్ళమ్మను ఎవరో పక్కకు నెట్టినట్టే అనిపించింది. అమ్మ మాట మాత్రం నోట రానివ్వలేదు. స్టూలు దిగి లిడియా దగ్గరికి వెళ్ళింది.

"లిడియా, నువ్వు చదివేటప్పుడు నీ కళ్ళెక్కడున్నాయి?"

"పేజీలో. ఇంకెక్కడుంటాయే?"

"మరి ఆవిడ కిటికీ తుడిచేటప్పుడు ఆవిడ మొహం ఎక్కడ చూడాలి మేము?"

లిడియా చేతిలోని ఫైలు వైపు చూసుకుంది.

"బాగా ఏడ్చావ్, కాదనను. కానీ ఆ ఏడుపు నీది. ఆవిడ ఏడవదు. ఏడుస్తూ కూర్చుంటే మూలలెవరు తుడుస్తారు? నువ్వు ఫైలు మూసెయ్. ఊరికే నిలబడు. ఆవిడ ఏం చేస్తోందో నేను చెబుతా. నువ్వు విను, అంతే. చెయ్యి కూడా కదపకు."

లిడియా ఒకసారి ఖాళీ కుర్చీల వైపు చూసింది. నలభై ఏళ్ళ నటి, లెక్క తెలియనిది కాదు.

"అంటే ఏడు పేజీలూ హాలంతా నన్నే చూస్తుందన్నమాట."

"నిన్నే."

"నిన్నెవరూ చూడరు."

"చూడకూడదు. చూశారంటే నేను చెడగొట్టినట్టే."

లిడియా ఫైలు టపీమని మూసి కుర్చీ మీద పడేసింది. "బ్రిన్, ఒక్క పేజీ ఇలా చేసి చూద్దామమ్మా" అంది.

చూశారు. బ్రిన్ ఈసారి చేతిరుమాలు తీయలేదు. ఊరికే పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. చివరికి, "సరే. శనివారం ఇలా పెడదాం. జనం లేచి వెళ్ళడం మొదలుపెట్టారో, ఆదివారం ఆటకి లిడియాయే చదువుతుంది. ముందే చెబుతున్నా" అంది.

"సరే" అంది ఆర్లిస్. ఆమెకు దొరికింది ఒకే ఒక్క అవకాశం.

శనివారం మూడు గంటలకు తొంభై నాలుగు మంది వచ్చారు. బయట మంచు ఇంకా కరగలేదు, ప్రతి కుర్చీ వీపు మీదా ఒక లావుపాటి కోటు. ఆర్లిస్ అలవాటు కొద్దీ కుర్చీల వైపు చూసింది. మూడో వరసలో, నీలం టోపీ పెట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని యూనిస్ కూర్చుని ఉంది. శనివారం నాడు! ఆర్లిస్‌కు ఒక్క క్షణం మొదటి వాక్యమే కనబడలేదు. వేలు పెట్టి వెతుక్కుని చదివింది.

మొదటి రెండంకాలూ సాఫీగా నడిచాయి. కంపెనీవాడు ముసలామెకు కాలెండరు బహుమతిగా ఇచ్చినచోట జనం గట్టిగా నవ్వారు. మధ్యలో గసగసాల కేకు, కాఫీ. అందరూ మళ్ళీ వచ్చి కూర్చున్నాక లిడియా ఫైలు లేకుండా, చేతులు వేలాడేసి, వేదిక మధ్యలో నిలబడింది.

"నోవాక్ దుప్పటి మడత పెడుతుంది" అంది ఆర్లిస్.

అని ఆగింది. పన్నెండు సెకన్లు. "పొయ్యిలో బూడిద ఎత్తుతుంది." పదిహేడు సెకన్లు. లిడియా కదల్లేదు. కానీ ఆమె చూపు మంచం మీంచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది, జనం చూపులూ వెళ్ళాయి. మూడో పేజీలో రెండో వరసలోంచి ఒక భారీ మనిషి లేచాడు. కుర్చీ కిర్రుమంది. బ్రిన్ తల పట్టుకుంది. ఆర్లిస్ చూడలేదు కానీ వినబడింది, అడుగులు వెనక్కి వెళుతున్నాయి. గొంతు మాత్రం వణకనివ్వలేదు. ఆ మనిషి తలుపు దాకా వెళ్ళి, తలుపు తీయకుండా గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

"నోవాక్ కిటికీ తుడుస్తుంది, మూలలు కూడా."

ఇక్కడ పది సెకన్లు ఆగాలి. ఇరవై రెండేళ్ళలో ఆర్లిస్ తన లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఇవాళ తప్పింది. మొత్తం నలభై సెకన్లూ ఇచ్చింది. ఎవరూ దగ్గలేదు. లేని కిటికీ కోసం తొంభై నాలుగు మంది కళ్ళు లిడియా మొహంలో వెతుకుతున్నాయి. ఒక మూల అయింది, రెండో మూల అయింది. నాలుగూ అయ్యాకే ఆర్లిస్ తర్వాతి వాక్యానికి వెళ్ళింది.

"తలుపు తాళం వేస్తుంది. తాళంచెవి పట్టుకుని నిలబడుతుంది. తీసుకోవడానికి ఎవరూ లేరు."

పేజీ అంచు ఖాళీ. ఇలాంటి పఠనాల్లో స్టూలు మీది మనిషి 'నాటకం సమాప్తం' అనేదాకా ఎవరూ చప్పట్లు కొట్టరు. తెర లేదు, దీపాలార్పరు, ఆ రెండు మాటలే తెర. ఆర్లిస్ ఎప్పుడూ డిపోలో గంట కొట్టినట్టు టక్కున అనేస్తుంది. ఇవాళ ఎంత ఆగాలో తెలియక, తెలిసినంత ఆగింది. లిడియా చెయ్యి మెల్లగా, తనకు తెలియకుండానే, మూసుకుంది. అప్పుడు ఆర్లిస్ ఆ రెండు మాటలూ అంది.

చప్పట్లు ఆగాక ఆంట్యాను వేదిక మీదికి పిలిచి ప్రశ్నలు అడగమన్నారు. గోడకు ఆనుకున్న భారీ మనిషే మొదట నోరు తెరిచాడు. "ప్రశ్న లేదు నాకు. మా అమ్మ కర్టెన్లు ఉతికి ఇస్త్రీ చేసి మరీ తగిలించింది, రహదారి కోసం ఇల్లు కొట్టేసే ముందు రోజు. పిచ్చిదనుకున్నా ఇన్నాళ్ళూ. కూర్చోలేక లేచాను, ఏమనుకోవద్దు." ఆ పక్క ఇంకొకామె, "మాది పన్నెండో వీధి" అంది. ఆ వెనక ఇంకొకాయన వీధి పేరు చెప్పాడు.

ఆంట్యా తన కూడబలుక్కునే ఇంగ్లీషులో ఇలా అంది. "మా దేశంలో దీన్ని నాలుగుచోట్ల ఆడారు. నిజం పొయ్యి పెట్టారు, నిజం కిటికీ పెట్టారు, నీళ్ళు కూడా పోశారు. ఎందుకో ఎక్కడా నాకు మా ఇల్లు కనబడలేదు. ఇవాళ ఇక్కడ ఏమీ లేదు. కనబడింది." అని స్టూలు వైపు తిరిగి తల వంచింది.

ఆర్లిస్‌కు ఏం చేయాలో తోచక తనూ తల వంచింది. లోపల మాత్రం గర్వం పొంగింది, దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు. బ్రిన్ దగ్గరకొచ్చి, "రేపూ మీరే. ఎల్లుండి కూడా ఉంటే ఎల్లుండీ మీరే" అంది. లిడియా అందరికీ చేతులు కలుపుతూ, "ఫైలు మూసేద్దామన్న ఆలోచన మాదే" అని చెప్పుకుంటోంది. ఆ 'మా'లో తనకీ చోటుందిలే అని ఆర్లిస్ నవ్వుకుంది.

కోట్ల దగ్గర యూనిస్ చేతి తొడుగులు వేసుకుంటోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పేకాట మానేశావేంటక్కా?"

"మంచి ముక్కలు పడట్లేదులే." రెండో తొడుగు లాక్కుంది. "ఏమే, కిటికీ సరిగ్గా చెప్పావ్. తాళంచెవి దగ్గర తొందరపడ్డావ్."

"తొందరపడ్డానా?"

"అమ్మ అంతకన్నా చాలాసేపు నిలబడింది."

ఆర్లిస్ సంచిలో పెట్టబోయిన ఫైలు చేతిలోనే ఉండిపోయింది.

"ఆఫీసువాడు వచ్చి తాళంచెవి తీసుకుంటానన్నాడు. రాలేదు. మా బస్సు వచ్చింది. పద అమ్మా అంటే వినదే. మెట్టు మీదే నిలబడింది. బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు మలుపు తిరిగాక తాళంచెవి సంచిలో వేసుకుని కదిలింది. ఒక్క మాట లేదు, ఒక్క కన్నీటి చుక్క లేదు."

ఆర్లిస్ కళ్ళు మూసుకుంది. డిపో గోడకు తగిలించిన పాత టైంటేబుళ్ళన్నీ ఆమెకు కంఠస్థం.

"పందొమ్మిది వందల అరవై రెండులో ఆ దారిలో పన్నెండు నిమిషాలకొక బస్సు" అంది.

"అంటే?"

"పన్నెండులో నాలుగో వంతు."

అక్కడే, కోట్ల మధ్య నిలబడి, చివరి పేజీ తెరిచి ఖాళీ అంచులో పెన్సిల్‌తో రాసింది: మూడు నిమిషాలు. యూనిస్ కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసింది.

"మూడు నిమిషాలా! ఆ షికాగో పిల్లకి గుండె ఆగిపోతుందే."

"ఆగనీ. రేపు వస్తావా?"

"ముందు వరసలో కుర్చీ పట్టు. నేను లెక్క చూసుకోవాలి."

ఆదివారం వచ్చిన జనం నూట పదకొండు. చివరి సూచన చదివి ఆర్లిస్ ఆగింది. ఒక నిమిషం అయింది. బ్రిన్ కుర్చీ చేతిని పట్టుకుంది. రెండు నిమిషాలయ్యాయి. లిడియా లేని తాళంచెవిని పట్టుకుని అలాగే నిలబడింది, రావాల్సినవాళ్ళు ఇంకా రాలేదని ఆమె మొహంలో తెలుస్తోంది. ముందు వరసలో యూనిస్ పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. మూడో నిమిషం నిండాక యూనిస్ తలెత్తి చెల్లెలి వైపు చూసి, చిన్నగా తలాడించింది.

"నాటకం సమాప్తం" అంది ఆర్లిస్, చివరి బస్సును వేళకు పంపించిన గొంతుతో.